కుర్ర కూన్‌హౌండ్ కోసం సొంతంగా రకూన్ ఫీడర్: గొట్టం కొయ్యడం దగ్గర్నుంచి చెట్టు కింద మొరిగే దాకా

మేం ఉండేది అలబామా ఉత్తరాన, హంట్స్‌విల్‌కి కాస్త అవతల. మా పక్క పొలం పెద్దాయన దగ్గర ఎప్పుడు చూసినా నాలుగైదు కూన్‌హౌండ్‌లు ఉంటాయి. ఆయన దగ్గరే వాటిలో బ్లూటిక్ అనే రకం కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఒళ్లంతా నీలి నలుపు చుక్కలు ఉండేసరికి మా అమ్మాయి దానికి చుక్కీ అని పేరు పెట్టింది. తెచ్చిన మొదటి చలికాలం దానికి పని నేర్పబోయి నేను చేసిన తప్పుల్లోంచి పుట్టిందే ఫీడర్ మీద, అంటే రకూన్‌కు మేత పెట్టే గొట్టం మీద, ఈ మార్గదర్శి.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. రకూన్ మన మానుపిల్లి కన్నా కాస్త బరువైన రాత్రి జంతువు. కళ్ల చుట్టూ దొంగ ముసుగులా నల్ల పట్టీ, తోక మీద గీతలు, ఏది దొరికితే అది తినే నోరు. కూన్‌హౌండ్ పని దాని జాడను వాసనతో పట్టి, తరిమి, చెట్టెక్కించి, మనం చేరేదాకా ఆ మొదట్లోనే నిలబడి మొరగడం. దీన్ని ఇక్కడివాళ్లు ‘ట్రీ చెయ్యడం’ అంటారు. చంపితీరాలని ఏమీ లేదు. యునైటెడ్ కెన్నెల్ క్లబ్ వాళ్ల నైట్ హంట్ పోటీల్లో రకూన్‌ను చంపడం నిషేధం. జాడ దొరికిందని మొదట గొంతెత్తిన కుక్కకు 100 పాయింట్లు, మొదట ట్రీ చేసినదానికి 125. నేనూ అంతే, చూసి, కుక్కను మెచ్చుకుని, వెనక్కి తెచ్చేస్తా.

ఇదంతా అమెరికాలో, అదీ అనుమతి ఉన్నచోట మాత్రమే. మన ఊళ్లో మానుపిల్లి మీదో, అడవిపంది మీదో కుక్కల్ని వదిలితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. సెలవులకు వెళ్లినప్పుడు తమ్ముళ్లకు ఈ ఐడియా ఇవ్వకండి.

అసలు ఫీడర్ ఎందుకు

కుర్ర హౌండ్‌కు వాసన పట్టే ముక్కు పుట్టుకతోనే ఉంటుంది. లేనిది ఓపిక. ఆరేడు నెలల పిల్లను తీసుకెళ్లి మూడు రాత్రులు ఖాళీ అడవిలో తిప్పితే నాలుగో రాత్రికి అది కుందేళ్ల వెంట, జింకల వెంట పోవడం మొదలుపెడుతుంది. ఆ అలవాటు మాన్పించడం నరకం. అదే, ఫలానా చోటికి ఫలానా వేళకు రకూన్ వచ్చి వెళ్లిందని మనకు ముందే తెలిస్తే, పిల్లను వేడివేడి జాడ మీదే వదలొచ్చు. ఫీడర్ చేసే పని అదొక్కటే. రకూన్‌ను పెంచడానికి కాదు, అది వచ్చే వేళ మనకు తెలియడానికి.

దీంట్లోనే ప్రమాదమూ ఉంది. హౌండ్ తెలివైనది. పది రాత్రులు ఒకే ఫీడర్ దగ్గరికి తీసుకెళితే అది జాడ వెతకడం మానేసి, వదలగానే నేరుగా ఆ డబ్బా దగ్గరికే పరిగెడుతుంది. మా చుక్కీ మొదటి నెలలో చేసింది సరిగ్గా ఇదే. నేను అప్పట్లో ఫీడర్‌గా మేత బకెట్‌ను ఓక్ చెట్టుకు వేలాడదీశాను. రకూన్‌లు ఆ చెట్టు ఎక్కీ దిగీ బెరడంతా వాసన పట్టించాయి. చుక్కీ వెళ్లి ఆ చెట్టు మీద ముందుకాళ్లు వేసి అరగంట మొరిగింది. టార్చి వేసి కొమ్మ కొమ్మా వెతికాను. పైన ఏమీ లేదు. పెద్దాయన నవ్వి, ‘నీ కుక్క బకెట్‌ను ట్రీ చేసింది’ అన్నాడు. ఖాళీ చెట్టు కింద మొరగడాన్ని ఇక్కడ ‘స్లిక్ ట్రీ’ అంటారు. కుక్కకు అంతకంటే చెడ్డపేరు లేదు.

అందుకే కింద చెప్పబోయే ఫీడర్‌ను చెట్టుకు కట్టం, ఇనప కమ్మీకి కడతాం. అదీ ఒకటి కాదు, మూడు.

ముందు ఫోను, తర్వాత రంపం

సామాను కొనకముందు మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చెయ్యండి. అడగాల్సినవి ఇవి: మా కౌంటీలో అడవి జంతువులకు మేత పెట్టొచ్చా? పెడితే ఏ నెలల్లో పెట్టకూడదు? రకూన్ మీద కుక్కకు శిక్షణ ఇవ్వడానికి సీజన్ ఏది, లైసెన్స్ కావాలా? రాత్రి టార్చి వాడకానికి షరతులున్నాయా? రూల్స్ రాష్ట్రానికో రకం, ఒక్కోసారి కౌంటీకో రకం. జింకలకు వచ్చే సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడిన చోట్ల మేత పెట్టడంపై ఆంక్షలు వస్తాయి, ఎందుకంటే ఒకే చోట జింకలు మూతులు పెడితే జబ్బు పాకుతుంది. మా రాష్ట్రంలో 2022 జనవరిలో లాడర్‌డేల్ కౌంటీలో అది మొదటిసారి బయటపడింది. మాకు గంటన్నర దూరం. అప్పట్నుంచి ప్రతి ఏడూ రూల్స్ మళ్లీ చదువుకుంటున్నా.

ఇంకోటి చాలామందికి తట్టదు. చుట్టుపక్కల ఎవరైనా పావురాలనో బాతులనో వేటాడుతుంటే, నేల మీద రాలిన మొక్కజొన్న వల్ల ఆ చోటు ‘ఎర వేసిన స్థలం’ అవుతుంది. గింజలన్నీ ఎత్తేసిన తర్వాత కూడా పది రోజుల దాకా అక్కడ వలస పక్షుల వేట ఫెడరల్ నేరం. మీ ఫీడర్ వల్ల పక్కింటివాళ్లకు ఫైన్ పడితే ఆ వీధిలో ఇక మీకు పలకరింపులుండవు. పొలం యజమాని అనుమతి నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి.

కావాల్సిన సామాను

మూడు ఫీడర్లకు నాలుగంగుళాల పీవీసీ డ్రైనేజీ గొట్టాలు, పదడుగులవి రెండు. మందపాటిది అక్కర్లేదు, పల్చటి రకం చాలు, చవక కూడా. ఒక్కోదాన్ని కోస్తే నాలుగేసి అడుగుల ముక్కలు రెండు వస్తాయి, రెండడుగులు మిగులుతుంది. ఒక్కో ఫీడర్‌కు ఒక వై ఫిట్టింగ్ కావాలి: నిలువునా నాలుగంగుళాలు, పక్కకు వాలుగా పోయే కొమ్మ రెండంగుళాలు. ఆ కొమ్మ నోట్లో బిగించడానికి రెండు నుంచి ఒకటిన్నర అంగుళానికి తగ్గించే బుషింగ్ ఒకటి. అడుగున ఒక క్యాప్. పైన మరతో బిగించే క్లీనౌట్ మూత. పీవీసీ సొల్యూషన్ డబ్బా. ఆరడుగుల ఇనప టీ-పోస్ట్, కంచెలకు వేసేది. గొట్టాన్ని పోస్ట్‌కు పట్టి ఉంచడానికి పెద్ద సైజు స్టీలు క్లాంపులు మూడు. పాత బకెట్ మూత ఒకటి, గొడుగులా వాడటానికి.

పైన మర మూత అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, నేను మొదట నొక్కుడు మూత పెట్టాను. రెండో రాత్రికల్లా ఊడదీసి, తల లోపల పెట్టి తినేశాయి. రకూన్ చేతుల గురించి తక్కువ అంచనా వద్దు. దాని పేరే వర్జీనియా తీరపు పౌహటన్ తెగ భాషలోంచి వచ్చింది, ‘చేతులతో గీకేది’ అని అర్థం. ముందు పాదాల్లో స్పర్శ అంత చురుకు. చీకట్లో చూడకుండా, తడిమే తిండి ఏరుకుంటుంది.

ఈ ఫీడర్ మొత్తం ఆ చేతిమీదే ఆధారపడి ఉంది. ఒకటిన్నర అంగుళం రంధ్రంలో రకూన్ చెయ్యి పడుతుంది. జింక మూతి పట్టదు.  రకూన్ పిల్ల తల కూడా పట్టదు కాబట్టి మెడ ఇరుక్కుని చచ్చే భయం లేదు. నేను మొదట బకెట్‌కు మూడంగుళాల రంధ్రాలు వేశాను. తెల్లారేసరికి జింకలు మొత్తం ఖాళీ చేసి, చుట్టూ గిట్టల గుర్తులు వదిలి వెళ్లాయి.

తయారీ

మొదట గొట్టాన్ని నాలుగడుగుల దగ్గర గుర్తు పెట్టి కొయ్యండి. కోత వంకరగా వస్తే ఫిట్టింగ్ సరిగా కూర్చోదు, అందుకని గుర్తు చుట్టూరా ఒక కాగితం పట్టీ చుట్టి దాని అంచు వెంబడి రంపం నడపండి. కోసిన అంచుల్ని లోపలా బయటా ఉప్పుకాగితంతో రుద్దండి.

అడుగు క్యాప్‌కు సన్నని రంధ్రాలు ఆరు వెయ్యండి, ఎనిమిదో వంతు అంగుళం డ్రిల్ బిట్‌తో. లోపలికి చేరిన నీళ్లు పోవడానికి ఇవే దారి. పెద్దవి చేస్తే నూక రాలిపోతుంది. ఇవి లేకపోతే అడుగున గింజలు నాని, ఉబ్బి, పులిసి, సిమెంటులా గట్టిపడతాయి. అది తవ్వి తియ్యడం ఎంత కష్టమో, ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పను.

వై ఫిట్టింగ్‌ను గొట్టం కిందికొసకు బిగించేటప్పుడు కొమ్మ పైకి చూసేలా ఉండాలి. తిరగేసి పెడితే గింజలన్నీ ఒక్కసారే బయటికి జారతాయి. పైకి వాలి ఉంటే గింజ కొమ్మ మొదట్లోనే ఆగుతుంది, రకూన్ చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు గుప్పెడే తీసుకోవాలి. ఇలా కష్టపడి తినడం మనకు లాభం. ఐదు నిమిషాల్లో తినేసి పోయే జంతువు అరగంట అక్కడే తచ్చాడుతుంది, నేల మీద వాసన బాగా పడుతుంది.

కొమ్మ నోట్లో బుషింగ్ అతికించండి. దాని అంచు మీద వేలు తిప్పి చూడండి, ఎక్కడైనా గీరుకుంటే ఉప్పుకాగితంతో నున్నగా చెయ్యండి. వై కింద క్యాప్, గొట్టం పైన క్లీనౌట్ మర. మర మూతకు మాత్రం సొల్యూషన్ తగలనివ్వకండి, మా బావమరిది ఒకసారి సాయం చెయ్యబోయి అదీ అతికించేశాడు. ఆ గొట్టం ఇప్పుడు మా వంకాయ మొక్కలకు ఊతం.

నోరు పైకి చూస్తోంది కాబట్టి వాన లోపలికి పోతుంది. బకెట్ మూతలోంచి అర్ధచంద్రంగా ఒక ముక్క కోసి, నోటికి నాలుగంగుళాలు పైన గొట్టానికి రెండు చిన్న స్క్రూలతో చూరులా బిగించండి. స్క్రూ మొనలు లోపలికి పొడుచుకు రాకూడదు.

అంతా అయ్యాక వారం రోజులు షెడ్డులో ఆరనివ్వండి. సొల్యూషన్ కంపు పోవాలి. తర్వాత రెండు గుప్పెళ్ల మట్టి, ఎండుటాకులు వేసి బయటంతా రుద్దితే మనిషి వాసన, తెల్ల మెరుపు రెండూ తగ్గుతాయి. రంగు వెయ్యాలనిపిస్తే ముదురు గోధుమరంగు చాలు.

నాలుగడుగుల గొట్టంలో సుమారు 7 కిలోల మొక్కజొన్న పడుతుంది. పడుతుందని నింపకండి. నేను ఒక్కోసారి కిలోన్నర మించి వెయ్యను. తక్కువ వేస్తే బూజు పట్టే లోపలే అయిపోతుంది, పైగా రకూన్‌ల గుంపు అక్కడే కాపురం పెట్టదు. 200 లీటర్ల డ్రమ్ములకు గొట్టాలు బిగించి పెట్టేవాళ్లూ ఉన్నారు. వందల ఎకరాలున్నవాళ్లకు అది సౌకర్యమేమో గానీ, ఒక కుర్ర కుక్కకు నేర్పడానికి అంత సంత అక్కర్లేదు.

ఎక్కడ నిలబెట్టాలి

డబ్బా ఎంత బాగా చేసినా చోటు తప్పితే దండగ. మూడు విషయాలు చూడండి.

మొదటిది రోడ్డు. జాడ మీద ఉన్న హౌండ్‌కు కార్లు కనిపించవు. రోడ్డు కనీసం కిలోమీటరు దూరంలో ఉండాలన్నది నా లెక్క, అప్పుడు కూడా మెడలో జీపీఎస్ కాలర్ లేకుండా వదలను.

రెండోది నీళ్లు. వాగు గట్టు వెంట తడి మట్టిలో చూడండి, చిన్నపిల్లల అరచేతుల్లాంటి ఐదు వేళ్ల గుర్తులు కనిపిస్తే అది రకూన్‌ల రహదారి. ఆ దారికి ముప్పై నలభై అడుగుల పక్కగా, చెట్లకు దూరంగా, కాస్త ఖాళీ నేలలో టీ-పోస్ట్ పాతండి. రెండడుగులు భూమిలోకి దిగాలి. గొట్టం అడుగు నేలకు అడుగు ఎత్తులో ఉండేలా క్లాంపులతో బిగించండి. అప్పుడు రకూన్ వెనక కాళ్ల మీద నిలబడి హాయిగా తింటుంది. తిన్నాక నేల మీదే నడిచి పోవాలి. మనక్కావాల్సింది ఆ నడక. పిల్ల కనీసం నూటయాభై, రెండొందల గజాలు జాడ పట్టుకుని వెళితేనే, ఆఖర్న ఎక్కిన చెట్టు దానికి అర్థమవుతుంది.

మూడోది ఎలుగుబంట్లు. మీ దగ్గర నల్ల ఎలుగులు తిరుగుతుంటే ఫీడర్ ఆలోచనే మానుకోండి. పోస్ట్‌తో సహా పీకుతాయి.

ఇలాంటి చోట్లు మూడు వెతికి, ఒకదానికొకటి కనీసం అరమైలు దూరంలో పెట్టండి. ఒకే రాత్రి మూడింటికీ వెళ్లం. వంతుల వారీగా తిప్పుతాం, వాటికి మధ్యలో ఫీడరే లేని కొత్త చోటికి ఒకసారి తీసుకెళ్తాం.

మేత

మొక్కజొన్న మూడు వంతులు, చిన్న సైజు ఎండు కుక్కబిస్కెట్ల మేత ఒక వంతు. మొదటి వారం వాటికి చోటు తెలియడానికి ఒక చెంచా చెరకు మొలాసిస్ నోటి చుట్టూ పూస్తే చాలు. సార్డిన్ చేప నూనె నాలుగు చుక్కలు ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ మీ కారు డిక్కీలో ఒలికితే వేసవి దాకా గుర్తుండిపోతుంది. వేరుశెనగ వెన్న పూసేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ ఉందేమో చదవాలి. ఆ తీపి మందు కుక్కలకు విషం, పిల్ల వెళ్లి నాకకుండా ఉండదు. చాక్లెట్, పాత బేకరీ సరుకు అసలు వద్దు.

బూజు పట్టిన మొక్కజొన్న చవకగా అమ్ముతారు, అడవి జంతువులకేగా అంటారు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కుక్కలు దానికి మరీ సున్నితం. పెంపుడు జంతువుల మేతలో అది 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఇరవై) దాటకూడదని ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిమితి. సంచి విప్పగానే ముక్కవాసన వచ్చినా, గింజల మీద పచ్చటి పొడి కనిపించినా వాడకండి.

కుక్కను వదిలే రాత్రి

ఫీడర్ పెట్టిన వెంటనే పిల్లను తీసుకెళ్లకండి. రెండు మూడు వారాలు, జంతువు కదిలితే తనే ఫోటో తీసే ట్రెయిల్ కెమెరా ఒకటి పది పన్నెండు అడుగుల దూరంలో కట్టి ఉంచండి. మా వాగు దగ్గర అవి ఎక్కువగా చీకటి పడ్డ గంటకు ఒకసారి, మళ్లీ అర్ధరాత్రి దాటాక వచ్చేవి. ఫోన్‌కు ఫోటో పంపే కెమెరా ఉంటే సగం పని తగ్గినట్టే.

రకూన్ వచ్చి వెళ్లిందని తెలిశాక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. పిల్ల అప్పుడే మొదలుపెడుతున్నదైతే ఇంకా ముందే వదలండి. కాస్త చెమ్మగా, గాలి నెమ్మదిగా ఉన్న రాత్రి మేలు. బాగా ఎండిపోయి గాలి వీస్తుంటే ఇంట్లో కూర్చోవడమే మంచిది. ఫీడర్ దగ్గరిదాకా తాడు పట్టుకుని తీసుకెళ్లకండి. వంద గజాల అవతల, గాలి ఫీడర్ వైపు నుంచి మన వైపు వీచేచోట తాడు విప్పి, నోరు మూసుకుని నిలబడండి. ‘వెతుకు, వెతుకు’ అని అరవడం మనకు సరదా, దానికి మాత్రం గందరగోళం.

చుక్కీ మొదటిసారి సరిగ్గా చేసిన రాత్రి నాకు బాగా గుర్తు. మొదట తోక మాత్రమే కదిలింది, తర్వాత ముక్కుతో నేలను ఊదుతున్న చప్పుడు. గొట్టం చుట్టూ రెండుసార్లు తిరిగింది, బయటికి పోయింది, మళ్లీ వచ్చింది. అప్పుడు ఒక్కసారిగా సాగదీసిన గొంతు, దూరంగా రైలు కూసినట్టు. ఇక్కడివాళ్లు దీన్ని ‘బాల్ మౌత్’ అంటారు. జాడ వెంట ఆ కూత వాగు దాటింది, తప్పింది, మళ్లీ దొరికింది. పది నిమిషాలకు గొంతు మారింది. సాగదీత పోయి, గొడ్డలితో నరికినట్టు పొట్టి పొట్టి మొరుగు. అంటే చెట్టు కింద ఉంది. వెళ్లి చూస్తే సైకమోర్ చెట్టు మీద, కొమ్మ మొదట్లో, రెండు కళ్లు ఎర్రటి టార్చి వెలుగులో మెరుస్తున్నాయి.

చెట్టు దగ్గరికి వెళ్లాక తొందర వద్దు. రకూన్ నిజంగా పైన ఉందని మీ కళ్లతో చూసేదాకా మెచ్చుకోకండి. కనిపిస్తే వీపు నిమిరి, నాలుగైదు నిమిషాలు మొరగనిచ్చి, తాడు కట్టి నెమ్మదిగా తీసుకొచ్చెయ్యండి. కనిపించకపోతే తిట్టకండి, పొగడకండి, మాట్లాడకుండా తాడు కట్టండి. వారానికి రెండు రాత్రులు చాలు.

ఇలా వరసగా మూడు నాలుగుసార్లు కుదిరిందంటే ఫీడర్ నుంచి దూరం పెంచండి. రెండొందల గజాల నుంచి, ఆ తర్వాత పావుమైలు నుంచి వదలండి. పిల్ల దారిలో వేరే జాడ పట్టుకుని ఫీడర్‌ను వదిలేసి పోయిందనుకోండి, పండగ చేసుకోండి. ఆ రోజే ఫీడర్ పని అయిపోయినట్టు.

జబ్బుల సంగతి

ఇది దాటవేసే విషయం కాదు. రేబిస్, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ టీకాలు పూర్తవని పిల్లను అడవిలో అడుగుపెట్టనివ్వకండి. తూర్పు అమెరికాలో రకూన్‌లు రేబిస్‌కు ముఖ్యమైన నిలయం. కరుచుకుంటే, టీకా ఉన్నా సరే, వెంటనే డాక్టరు దగ్గరికి.

రకూన్ పేగుల్లో ఉండే ఒక రకం ఏలికపాము గుడ్లు దాని మలంలో వస్తాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అంటుకునే స్థితికి చేరతాయి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, మనిషి కడుపులోకి పోతే మెదడు దాకా వెళ్లగలవు. బ్లీచ్‌కు చావవు. మరిగే నీళ్లకే చస్తాయి. రకూన్‌లు ఒకేచోట, దుంగల మీదా చెట్ల మొదళ్లలోనూ మలవిసర్జన చేస్తాయి. ఫీడర్ దగ్గర అలాంటి చోటు కనిపిస్తే ఫీడర్‌నే మార్చండి. మేత వేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, ఇంట్లో చిన్నపిల్లల్ని వెంట తీసుకెళ్లకండి, కుక్కకు నట్టల మందు డాక్టరు చెప్పిన లెక్కన వెయ్యండి.

ఇంకొకటి ఈ కుక్కల పేరు మీదే ఉంది, కూన్‌హౌండ్ పెరాలిసిస్. రకూన్ కరిచిన వారం పది రోజులకు వెనక కాళ్లు తూలడం మొదలై, ముందుకాళ్లకు పాకుతుంది, మొరుగు కూడా సన్నబడిపోతుంది. చూస్తే గుండె జారిపోతుంది గానీ, ఒత్తిడి పుళ్లు పడకుండా పక్క మారుస్తూ, తినిపిస్తూ చూసుకుంటే చాలావరకు వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటాయి. టెన్షన్ పడి దానికి సూదిమందుతో ప్రాణం తీసెయ్యమని చెప్పకముందు డాక్టరుతో మాట్లాడండి.

ఎత్తెయ్యడం

రకూన్‌లు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో ఈనుతాయి. ఒక్కో కాన్పుకు మూడు నుంచి ఐదు పిల్లలు. తల్లిని తరిమితే గూట్లో పిల్లలు ఆకలితో ఉంటాయి, అందుకే మీ రాష్ట్రం రూల్స్ అనుమతించినా నేను మార్చి చివరికల్లా మూడు గొట్టాలూ ఎత్తేస్తా. మిగిలిన గింజలు ఊడ్చి సంచిలో కట్టి చెత్తబుట్టలో వేస్తా, నేల మీద వదలను. గొట్టాల్లోంచి మరిగే నీళ్లు పోసి, గ్లౌజులతో తోమి, రెండు రోజులు ఎండలో పడేస్తా.

ఇక్కణ్నుంచి పడమటికి కోల్బర్ట్ కౌంటీలో కూన్‌హౌండ్‌ల శ్మశానం ఒకటి ఉంది. 1937 సెప్టెంబరు 4న కీ అండర్‌వుడ్ అనే ఆయన తన కుక్క ట్రూప్‌ను పాతిపెట్టిన చోట మొదలైంది, వేరే జాతి కుక్కలకు అక్కడ చోటు లేదు. పెద్దాయన నన్నూ చుక్కీనీ ఒకసారి తీసుకెళ్లాడు. రాళ్ల మీద పేర్లు చదువుకుంటూ తిరుగుతుంటే చుక్కీ ఒక చెట్టు దగ్గర ఆగి ముక్కెత్తింది. ఇద్దరం గబగబా పైకి చూశాం. ఉడత.